హ్యాక్నీ డౌన్స్ పాఠశాల (1876–1995): ఒక లండన్ బాలుర బడి చరిత్ర

ఇంగ్లండు విద్యా చరిత్రను చట్టాల వరుసగా చదివినవారికి 1869, 1902, 1944, 1988 అనే సంవత్సరాలు గుర్తుంటాయి. ఆ చట్టాలు ఒక పేటలో, ఒక బడిలో, ఒక దర్జీ కొడుకు జీవితంలో ఏం చేశాయన్నది మాత్రం అంత తేలికగా బోధపడదు. అందువల్ల ఈ పాఠంలో పద్ధతి కొంచెం మార్చి, ఒకే ఒక బడిని తీసుకుని దాని పుట్టుక నుంచి మూసివేత దాకా పరిశీలిద్దాం. అది తూర్పు లండన్‌లోని హ్యాక్నీ డౌన్స్ బాలుర పాఠశాల. 1876లో తలుపులు తెరిచిన ఆ బడి 1995 డిసెంబరు 31న మూతపడింది. ఈ 119 సంవత్సరాలలో ఆ బడికి యజమానులు మారారు, పేరు మారింది, చదువుకునే పిల్లలు మారారు. తుదకు పత్రికలు దానికి ‘బ్రిటన్‌లోకెల్లా అధ్వాన్నమైన బడి’ అని పేరు పెట్టాయి. ఆ పేరు ఎలా వచ్చింది, అది ఎంతవరకు న్యాయం అన్నదే ఈ పాఠంలో మనకు ప్రధానమైన ప్రశ్న.

లవంగాల గుర్తు

ఈ బడిని స్థాపించినది ప్రభుత్వమూ కాదు, చర్చీ కాదు. లండన్ నగరంలోని పాత వర్తక సంఘాలలో ఒకటైన గ్రోసర్స్ కంపెనీ దానిని స్థాపించింది. నేడు గ్రోసర్ అంటే పచారీ కొట్టు యజమాని. మధ్యయుగంలో ఆ మాటకు టోకున సరుకు కొని అమ్మే పెద్ద వర్తకుడని అర్థం. ఈ సంఘానికి పూర్వరూపం మిరియాల వర్తకుల సంఘం. 1345లో ఇది ఒక సంఘంగా రూపుదిద్దుకుంది, 1428లో రాజు నుంచి సన్నదు పొందింది. లండన్‌లోని పన్నెండు పెద్ద వర్తక సంఘాలలో దీనిది రెండో స్థానం. సంఘం చిహ్నంలో తొమ్మిది లవంగాలు ఉంటాయి. మలబారు మిరియాలు, ఆగ్నేయాసియా దీవుల లవంగాలు ఐరోపాలో దాదాపు బంగారంతో సమానంగా అమ్ముడుపోయిన రోజుల జ్ఞాపకం అది. హ్యాక్నీ డౌన్స్ పూర్వ విద్యార్థుల సంఘానికి ‘క్లోవ్ క్లబ్’, అంటే లవంగాల సంఘం, అని పేరు రావడానికి కారణమూ ఇదే.

పంతొమ్మిదో శతాబ్దం నాటికి ఈ సంఘాల సభ్యులు చాలామందికి అసలు వ్యాపారంతో సంబంధం లేదు. మిగిలినవి పాత వీలునామాల ద్వారా వచ్చిన భూములు, భవనాలు, ధర్మనిధులు, పెద్ద పెద్ద విందులు. ఇంత సొమ్ము ఎవరికి ఉపయోగపడుతోందని ఉదారవాదులు, సంస్కర్తలు నిలదీయడం మొదలుపెట్టారు. 1880లో ఈ సంఘాల ఆస్తులపై విచారణకు ఒక రాజ కమిషన్ కూడా ఏర్పడింది. ఈ నేపథ్యంలో విద్యకు డబ్బు ఇవ్వడం పుణ్యకార్యం మాత్రమే కాదు, ఆత్మరక్షణ కూడా అని చెప్పవలసి ఉంటుంది.

ఎటువంటి విద్య, ఎవరికి అన్నది అప్పటికే టాంటన్ కమిషన్ తేల్చి చెప్పింది. 1864లో నియమితమై 1868లో నివేదిక ఇచ్చిన ఆ కమిషన్ మాధ్యమిక బడులను మూడు శ్రేణులుగా విభజించింది. మొదటి శ్రేణిలో పిల్లలు 18 ఏళ్ళ దాకా చదివి విశ్వవిద్యాలయాలకు వెళతారు. రెండో శ్రేణిలో 16 దాకా చదివి వ్యాపారంలోకి, చిన్న వృత్తులలోకి వెళతారు. మూడో శ్రేణిలో 14తో చదువు ముగుస్తుంది. పిల్లవాడు ఎన్నేళ్ళు చదవాలన్నది వాడి తెలివిని బట్టి కాక తండ్రి స్థోమతను బట్టి నిర్ణయమయ్యే ఏర్పాటు ఇది. దాని వెంటనే వచ్చిన 1869 ధర్మనిధి పాఠశాలల చట్టం పాత నిధులను కొత్త బడులకు మళ్ళించే వీలు కల్పించింది.

గ్రోసర్స్ కంపెనీ హ్యాక్నీలో పెట్టినది మధ్యతరగతి బాలుర కోసం. స్థలం ఎంపికకు కారణం ఊహించడం కష్టం కాదు. 1872లో హ్యాక్నీ డౌన్స్‌కు రైలు వచ్చింది. నగరంలోని బ్యాంకులలో, బీమా కార్యాలయాలలో పనిచేసే గుమాస్తాలు, చిన్న వర్తకులు అక్కడ ఇళ్ళు తీసుకుని రోజూ రైలులో పనికి వెళ్ళిరావడం మొదలైంది. వీరికి తమ పిల్లలను దూరపు వసతి బడులకు పంపే స్తోమత లేదు. 1870 చట్టం కింద ఏర్పడుతున్న బోర్డు బడులకు పంపడం నామోషీ. ఈ రెంటి మధ్య ఖాళీలో గ్రోసర్స్ కంపెనీ బడి నిలిచింది. ఫీజు ఉంది గాని ఆ వర్గానికి అందుబాటులోనే ఉంది.

మొదటి ప్రధానోపాధ్యాయుడు హెర్బర్ట్ కోర్టోప్ బోవెన్. కిండర్‌గార్టెన్ విద్యకు ఆద్యుడైన ఫ్రోబెల్ భావాల మీద తరువాత పుస్తకం రాసినది, ఫిన్స్‌బరీలో మాధ్యమిక ఉపాధ్యాయుల శిక్షణ కళాశాలను నడిపినది ఈయనే. మాధ్యమిక బడి పంతులుకు బోధన నేర్పవలసిన అవసరం ఉందని చాలామంది ఒప్పుకోని కాలంలో ఇటువంటి వ్యక్తిని ఎన్నుకోవడం విశేషమే.

ఇక్కడ ఒక పోలిక చూడాలి. గ్రోసర్స్ కంపెనీ చేతిలో అప్పటికే మరో బడి ఉంది. నార్తాంప్టన్‌షైర్‌లోని ఔండిల్ బడికి 1556 నాటి సర్ విలియం లాక్స్‌టన్ వీలునామా మూలం. సంపన్న కుటుంబాల పిల్లలు ఉండి చదువుకునే వసతి బడిగా అది ఎదిగింది. హ్యాక్నీ బడిని సంఘం మూడు దశాబ్దాలకు వదులుకుంది. ఔండిల్‌ను మాత్రం నేటికీ వదలలేదు. ఒకే పోషకుడికి చెందిన ఈ రెండు బడుల దారులు ఎంత దూరంగా వెళ్ళాయో పాఠం చదువుతున్నంతసేపూ గుర్తుంచుకోండి.

సంఘం చేతి నుంచి కౌన్సిల్ చేతికి

1902 విద్యా చట్టం మాధ్యమిక విద్యను మొదటిసారిగా స్థానిక ప్రభుత్వాల బాధ్యతగా చేసింది. మరుసటి సంవత్సరం ప్రత్యేక చట్టంతో లండన్‌లో ఆ బాధ్యత లండన్ కౌంటీ కౌన్సిల్‌కు వచ్చింది. ప్రయోగశాలలు, వ్యాయామశాల, అర్హతగల ఉపాధ్యాయులు అంటూ ఖర్చు ఏటేటా పెరుగుతుంటే గ్రోసర్స్ కంపెనీ ఆ భారం మోయడానికి ఇష్టపడలేదు. చట్టం వచ్చిన కొద్ది సంవత్సరాలకే బడిని కౌన్సిల్‌కు అప్పగించింది. అప్పటినుంచి అది హ్యాక్నీ డౌన్స్ పాఠశాల. అయినా చుట్టుపక్కల జనం చాలాకాలం దానిని ‘గ్రోసర్స్’ అనే పిలిచారు.

యాజమాన్యం మారడంతో వచ్చిన ముఖ్యమైన మార్పు 1907లో కనిపిస్తుంది. ప్రభుత్వ గ్రాంటు పూర్తిగా తీసుకునే మాధ్యమిక బడులు ప్రాథమిక బడుల నుంచి వచ్చే పిల్లలకు 25 శాతం సీట్లు ఉచితంగా ఇవ్వాలని లిబరల్ ప్రభుత్వం నిబంధన పెట్టింది. దీనికి తోడు లండన్ కౌన్సిల్ స్కాలర్‌షిప్పులు ఇచ్చేది. గుమాస్తా కొడుకు పక్క బెంచీలో కూలివాడి కొడుకు కూర్చునే అవకాశం దీనితోనే వచ్చింది. ఫీజు చెల్లించేవారు, ఉచిత సీటు వారు అనే తేడా మాత్రం 1944 దాకా పూర్తిగా పోలేదు.

ఈ దశలో సుమారు 30 సంవత్సరాలు బడిని నడిపినవాడు విలియం జెంకిన్ థామస్. వేల్స్ దేశస్థుడు. అక్కడి జానపద కథలను సేకరించి ఆయన వెలువరించిన సంపుటి ఇప్పటికీ పాఠకులకు దొరుకుతోంది. 1935 దాకా సాగిన ఆయన కాలంలోనే బడిలో పిల్లల ముఖాలు మారిపోయాయి.

దర్జీల కొడుకులు

1881 తరువాత రష్యా సామ్రాజ్యంలో జరిగిన హత్యాకాండలకు భయపడి వేలాది యూదు కుటుంబాలు లండన్ చేరాయి. మొదట వారు రేవుకు దగ్గరలోని వైట్‌చాపెల్, స్టెప్నీ పేటల్లో ఇరుకు గదుల్లో కాపురం పెట్టారు. బట్టలు కుట్టడం, కుర్చీలు బల్లలు చేయడం, రొట్టెలు కాల్చడం వారి జీవనోపాధి. నాలుగు డబ్బులు చేరగానే కాస్త గాలి వెలుతురు ఉన్న ఇళ్ళ కోసం ఉత్తరాన ఉన్న హ్యాక్నీకి తరలివచ్చారు. పాత గుమాస్తా కుటుంబాలు ఇంకా బయటి శివార్లకు వెళ్ళిపోయాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి హ్యాక్నీ డౌన్స్ విద్యార్థులలో సుమారు సగం మంది యూదులు. క్రైస్తవ మధ్యతరగతి కోసం కట్టిన బడి వలసదారుల పిల్లలకు ఇంగ్లీషు సమాజంలోకి ప్రవేశద్వారం అయింది. స్థాపకులు అనుకున్నది ఇది కాదు. బడి సాధించినవాటిలో మొదట చెప్పుకోవలసినది మాత్రం ఇదేనని నా అభిప్రాయం.

ఆ ద్వారం గుండా వెళ్ళినవారిలో కొందరి పేర్లు చెప్పుకోవాలి. ప్రధాని హెరాల్డ్ విల్సన్‌కు న్యాయ సలహాదారుగా, ఆర్ట్స్ కౌన్సిల్ అధ్యక్షుడుగా పనిచేసిన ఆర్నాల్డ్ గుడ్‌మన్, యుద్ధ నవలలతో పాటు హ్యాక్నీ జీవితాన్నీ నవలగా రాసిన అలెగ్జాండర్ బారన్, చిత్రకారుడు లియాన్ కొసోఫ్, నటుడు, నాటకకర్త స్టీవెన్ బర్కాఫ్ ఇక్కడ చదివినవారే. బడి చరిత్రను 1972లో పుస్తకంగా రాసిన జెఫ్రీ ఆల్డర్‌మన్ కూడా పూర్వ విద్యార్థే. బ్రిటిష్ యూదుల చరిత్రకారుడుగా ఆయన తరువాత ప్రసిద్ధుడయ్యాడు.

1939లో యుద్ధం రాగానే బాంబుల భయంతో లండన్ బడులను పల్లెలకు తరలించారు. హ్యాక్నీ డౌన్స్ బడి నార్ఫోక్‌లోని కింగ్స్ లిన్ పట్టణానికి వెళ్ళింది. రొట్టెల కొట్టు యజమాని కొడుకైన కొసోఫ్‌కు అప్పుడు పన్నెండు పదమూడేళ్ళు. ఆశ్రయమిచ్చిన ఇంటివారి ప్రోత్సాహంతో అతడు అక్కడే బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. తరువాత మైకేల్ కెయిన్ పేరుతో సినిమా నటుడైన కుర్రవాడు కూడా 1944లో ప్రవేశ పరీక్ష నెగ్గి కొద్దికాలం ఈ బడి విద్యార్థిగా ఉన్నాడు.

1944 విద్యా చట్టం ఫీజులను రద్దు చేసింది. పదకొండేళ్ళ వయసులో జరిగే పరీక్షలో నెగ్గినవారికి గ్రామర్ స్కూలు, తక్కినవారికి చాలాచోట్ల ‘సెకండరీ మోడర్న్’ బడి. హ్యాక్నీ డౌన్స్ గ్రామర్ స్కూలు అయింది. సరిగ్గా ఆ సంవత్సరమే హెరాల్డ్ పింటర్ అందులో చేరాడు. తండ్రి ఆడవారి దుస్తులు కుట్టే దర్జీ. 1948 దాకా చదివిన పింటర్‌కు ఆ బడిలో దొరికిన గొప్ప భాగ్యం ఇంగ్లీషు పంతులు జోసెఫ్ బ్రియర్లీ. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, నాటకాల గురించి, కవిత్వం గురించి మాట్లాడుతూ కుర్రవాళ్ళతో కలిసి హ్యాక్నీ వీధుల్లో మైళ్ళకొద్దీ నడిచే మనిషి ఆయన. 1947లో ఆయన వేయించిన ‘మాక్‌బెత్’లో పింటర్ మాక్‌బెత్, మరుసటి సంవత్సరం ‘రోమియో అండ్ జూలియట్’లో రోమియో. ఆ బృందంలోని మిత్రుడు హెన్రీ వుల్ఫ్ అడగబట్టే పింటర్ 1957లో తన మొదటి నాటకం ‘ది రూమ్’ రాశాడు. 2005లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1977లో చనిపోయిన తన పంతులు మీద పింటర్ ఒక కవిత కూడా రాశాడు.

బడి బయట పరిస్థితి ఇంత చల్లగా లేదు. యుద్ధానికి ముందు మోస్లీ ఫాసిస్టులు తూర్పు లండన్ వీధుల్లో కవాతు చేశారు. యుద్ధం ముగిసి, యూదుల ఊచకోత గురించి లోకమంతా తెలిసిన తరువాత కూడా వారి శేషులు హ్యాక్నీలోని రిడ్లీ రోడ్ బజారులో సభలు పెట్టారు. ఆ రోజుల్లో ఆ పేటలో తిరిగే యూదు కుర్రవాడు ఏ సందులో ఎవరు ఎదురవుతారో చూసుకుని నడవవలసి వచ్చేదని పింటర్ ఇంటర్వ్యూలలో చెప్పాడు. బడి గోడల లోపల దొరికిన భద్రతకు అంత విలువ ఉండడం సహజం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పూర్వ విద్యార్థుల జ్ఞాపకాలు చదువుతుంటే ఇదొక స్వర్ణయుగం అనిపిస్తుంది. జ్ఞాపకాలు రాసేది ఎవరో ఆలోచించండి. నాటకకర్తలు, న్యాయవాదులు, ఆచార్యులు రాస్తారు. పదహారో ఏట ఏ సర్టిఫికెట్టూ లేకుండా బయటికి వెళ్ళి తండ్రి కుట్టుమిషను ముందు కూర్చున్నవాడు పుస్తకం రాయడు. పదకొండో ఏట పరీక్ష తప్పి అసలు ఆ గేటు దాటనివాడి గొంతు అంతకన్నా వినబడదు. గ్రామర్ స్కూలు కొందరికి ద్వారం కావడానికి కారణం అది ఎక్కువమందికి మూసిన తలుపు కావడమే. ఈ ఆధారాలను వాడేటప్పుడు ఈ హెచ్చరిక మరువకూడదు.

మంట, ఆ తరువాత

1963లో జరిగిన అగ్నిప్రమాదంలో విక్టోరియా కాలపు భవనంలో చాలా భాగం కాలిపోయింది. బడి కొత్త కట్టడాలతో మళ్ళీ నిలబడింది గాని పాత రూపం రాలేదు. పూర్వ విద్యార్థులు చాలామంది బడి పతనాన్ని ఈ మంట నుంచి లెక్కపెడతారు. కథగా బాగానే ఉంటుంది. చరిత్రగా చూస్తే అసలు మార్పు వేరేచోట ఉంది.

పదకొండేళ్ళకే పిల్లలను వడపోయడం మీద 1950లలోనే అసంతృప్తి బలపడింది. 1965లో లేబర్ ప్రభుత్వ విద్యామంత్రి ఆంథొనీ క్రాస్‌లాండ్ స్థానిక సంస్థలన్నీ అందరినీ చేర్చుకునే కాంప్రహెన్సివ్ బడుల ప్రణాళికలు పంపాలని సర్క్యులర్ జారీచేశాడు. అప్పటికి లండన్ లోపలి పేటల బడులు ఇన్నర్ లండన్ ఎడ్యుకేషన్ అథారిటీ చేతిలో ఉన్నాయి. హ్యాక్నీ డౌన్స్ 1969లో కాంప్రహెన్సివ్ బడిగా మారింది. ఆ మార్పును బడిలో చాలామంది ఉపాధ్యాయులు ఆదర్శంగానే తీసుకున్నారు. సిద్ధాంతం ప్రకారం పేటలోని పిల్లలందరూ, తెలివైనవారూ వెనుకబడినవారూ, డబ్బున్నవారూ లేనివారూ, ఒకే బడిలో కలిసి చదవాలి.

చిక్కల్లా పేట మారిపోవడంలో వచ్చింది. యూదు కుటుంబాలు ఉత్తరపు శివార్లకు కదిలాయి. వారి స్థానంలో కరీబియన్ దీవుల నుంచి, తరువాత టర్కీ, సైప్రస్, పశ్చిమ ఆఫ్రికా, దక్షిణాసియాల నుంచి వలసలు వచ్చాయి. వలసదారుల పిల్లలకు ద్వారం కావడం ఈ బడికి కొత్త కాదు కదా అనిపించవచ్చు. తేడా ఉంది. 1930లలో యూదు కుర్రవాడు బడి నుంచి బయటపడేసరికి బట్టల కర్మాగారాలు, గుమాస్తా పనులు, పెరుగుతున్న వృత్తులు ఎదురుచూసేవి. 1970ల చివరనాటికి తూర్పు లండన్‌లో రేవులు మూతపడుతున్నాయి, చిన్న కర్మాగారాలు పోతున్నాయి. పైగా నల్లజాతి పిల్లలను బడులు ఎలా చూస్తున్నాయన్నది వేరే సమస్య. వెస్టిండియన్ పిల్లలను అన్యాయంగా మందబుద్ధుల బడులకు తోస్తున్నారని బెర్నార్డ్ కోర్డ్ 1971లో ఒక చిన్న పుస్తకంలో ఆరోపించాడు. దాని ప్రకంపనలు 1981 నాటి రాంప్టన్ నివేదిక, 1985 నాటి స్వాన్ నివేదికల దాకా సాగాయి.

మరో సంగతి. తల్లిదండ్రులకు ఎంపిక ఉన్నచోట చదువు మీద శ్రద్ధ, కాస్త స్తోమత ఉన్న కుటుంబాలు చర్చి బడులవైపో బరో సరిహద్దు అవతలి బడులవైపో చూశాయి. కాబట్టి ‘అందరి బడి’ కాగితం మీద అందరిదే అయినా, ఆచరణలో వేరే దారి లేనివారి బడిగా మారుతూ వచ్చింది.

డబ్బు పిల్లవాడి వెంట నడిచిన కాలం

థాచర్ ప్రభుత్వం తెచ్చిన 1988 విద్యా సంస్కరణ చట్టం ఈ కథలో మలుపు. దాని పనితీరును కొంచెం వివరంగా చూద్దాం. ఆ చట్టం ప్రకారం బడికి వచ్చే సొమ్ము ప్రధానంగా విద్యార్థుల సంఖ్యను బట్టి ఉంటుంది. తల్లిదండ్రులు నచ్చిన బడిని కోరుకోవచ్చు, సీట్లు ఉన్నంతవరకు ఆ బడి కాదనరాదు. 1992 నుంచి పరీక్షా ఫలితాల పట్టికలు పత్రికలలో అచ్చవుతాయి. అదే సంవత్సరం ఏర్పడిన ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ ప్రతి బడి మీదా బహిరంగ నివేదిక ఇస్తుంది. మంచి బడులు పెరుగుతాయి, చెడ్డవి పోటీకి భయపడి బాగుపడతాయని దీని వెనుక ఉన్న ఆశ.

బలహీనపడిన బడికి ఇది ఎలా పరిణమిస్తుందో చూడండి. ఫలితాలు తక్కువని పేరు పడితే పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గితే నిధులు తగ్గుతాయి. భవనం, వేడి చేసే యంత్రాలు, కనీస సిబ్బంది ఖర్చు మాత్రం అంతే ఉంటుంది, కనుక తలసరి ఖర్చు పెరుగుతుంది. శాశ్వత ఉపాధ్యాయులు వెళ్ళిపోయి తాత్కాలిక ఉపాధ్యాయులు వస్తారు. సీట్లు ఖాళీగా ఉంటాయి గనుక వేరే బడులు బయటికి పంపినవారు, ఏడాది మధ్యలో ఊరికి వచ్చిన శరణార్థి పిల్లలు ఇక్కడికే వస్తారు. ఫలితాలు ఇంకా పడిపోతాయి. ఈ చక్రంలో చిక్కుకున్న బడి తన బలంతోనే బయటపడాలని ఆశించడం నూతిలో పడ్డవాణ్ణి తాడు లేకుండా పైకి రమ్మనడమే.

ఇంతలో 1990 ఏప్రిల్ 1న ఇన్నర్ లండన్ అథారిటీ రద్దయింది. దేశంలోని అతి పేద బరోలలో ఒకటైన హ్యాక్నీకి, బడులు నడిపిన అనుభవం లేకుండానే, బడులన్నిటి బాధ్యత వచ్చిపడింది. కౌన్సిల్‌లో రాజకీయ తగాదాలు, ప్రధానోపాధ్యాయులు వెంటవెంటనే మారడం, ఉపాధ్యాయుల మధ్య పొరపొచ్చాలు అన్నీ కలిసి వచ్చాయి. బడిలో లోపాలు లేవని ఎవరూ అనలేరు. తరగతుల్లో క్రమశిక్షణ, బోధన, హాజరు బాగా దెబ్బతిన్నాయి. 1994లో ఆఫ్‌స్టెడ్ తనిఖీ చేసి, ఈ బడి పిల్లలకు తగిన విద్య ఇవ్వడంలో విఫలమవుతోందని ప్రకటించింది.

1995: ఎవరి నిర్ణయం?

హ్యాక్నీ కౌన్సిల్ మొదట బడిని మూసేయాలనే అనుకుంది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు ఎదురుతిరిగారు. బెట్టీ హేల్స్ తాత్కాలిక ప్రధానోపాధ్యాయురాలుగా ఉన్న ఆ నెలల్లో బడి మెల్లగా కుదుటపడుతోందని వారి వాదన. 1995 మధ్యలో కౌన్సిల్ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. బడి నిలుస్తుందని అందరూ అనుకున్నారు.

సరిగ్గా అప్పుడు కేంద్ర ప్రభుత్వం అడుగుపెట్టింది. 1993 విద్యా చట్టంలో అంతవరకు ఎవరూ వాడని ఒక అధికారం ఉంది. విఫలమైన బడిని స్థానిక కౌన్సిల్ చేతి నుంచి తీసి ‘ఎడ్యుకేషన్ అసోసియేషన్’ అనే నియమిత బృందానికి అప్పగించవచ్చు. విద్యామంత్రి జిలియన్ షెపర్డ్ 1995 జూలైలో దానిని ప్రయోగించింది. రిచర్డ్ పెయింటర్ అధ్యక్షుడుగా ఏర్పడిన ఆ బృందాన్ని పత్రికలు ‘దాడి దళం’ అన్నాయి. ఇంగ్లండులో ఇటువంటి అసోసియేషన్ ఏర్పడడం అదే మొదలు, అదే తుది. ఈ బృందంలో సభ్యుడైన విద్యావేత్త మైకేల్ బార్బర్ 1997లో బ్లెయిర్ ప్రభుత్వం రాగానే విద్యాశాఖలో ముఖ్యమైన పదవి చేపట్టాడు. ప్రభుత్వం మారినా ఆలోచన మారలేదనడానికి ఈ ఒక్క వివరం చాలు.

బృందం అక్టోబరులో నివేదిక ఇచ్చింది. పిల్లల సంఖ్య సుమారు 200కి పడిపోయింది, తలసరి ఖర్చు మితిమీరింది, బడి కోలుకునే ఆశ లేదు, కాబట్టి సంవత్సరాంతానికి మూసి పిల్లలను హోమర్టన్ హౌస్ అనే మరో బాలుర బడికి పంపాలి అన్నది సారాంశం. తలసరి ఖర్చు ఎందుకు పెరిగిందో పైన చూశాం. బడిని చంపుతున్న రోగలక్షణాన్నే బడి చేసిన నేరంగా చూపడం ఈ వాదనలో బలహీనమైన చోటు. ఆ తర్కం ఎలా ఉన్నా, ఆ 200 మందికి ఆ రోజు తరగతి గదిలో సరైన చదువు అందుతోందా అన్న ప్రశ్న నుంచి బడి సమర్థకులు కూడా తప్పించుకోలేరు. రేపు బాగుపడే బడి కోసం నేటి పిల్లవాడు ఎంతకాలం వేచి ఉండాలి? దీనికి తేలికైన జవాబు లేదు.

తల్లిదండ్రులు హైకోర్టుకు, తరువాత అప్పీలు కోర్టుకు వెళ్ళారు, ఓడిపోయారు. న్యాయస్థానాలు తేల్చింది మంత్రి చట్టబద్ధంగా వ్యవహరించారా లేదా అన్నంతవరకే. బడి మంచిదా చెడ్డదా అన్నది వాటి ముందున్న ప్రశ్న కాదు. పత్రికలు మాత్రం తీర్పును బడి మీద తీర్పుగానే రాశాయి. విద్యాసంవత్సరం సగంలో ఉండగా డిసెంబరు 31న బడి మూతపడింది. మరో ఆరు నెలల్లో జీసీఎస్ఈ పరీక్షలు రాయవలసిన పెద్ద తరగతి కుర్రవాళ్ళు కూడా వేరే బడిలో, తెలియని ఉపాధ్యాయుల ముందు, జనవరిలో కూర్చోవలసి వచ్చింది. వారు వెళ్ళిన హోమర్టన్ హౌస్ కూడా కొన్నేళ్ళకు మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు మరో అకాడమీ ఉంది.

1999లో ఈ పోరాటం మీద ఒక పుస్తకం వచ్చింది. రాసినవారిలో బెట్టీ హేల్స్ ఒకరు, విద్యా సామాజిక శాస్త్రవేత్త శాలీ టామ్లిన్‌సన్ మరొకరు. బడి పక్షం వినడానికి అది ముఖ్యమైన ఆధారం. ప్రభుత్వ పక్షానికి అసోసియేషన్ నివేదిక ఉండనే ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఘటనల మీద పెద్దగా భేదం కనిపించదు. బడి ఎప్పటినుంచి లెక్కలోకి వస్తుంది అన్నదాని మీదే భేదం. నివేదిక 1995ను చూస్తుంది. పుస్తకం అంతకుముందరి ఏళ్ళను చూస్తుంది.

అదే స్థలం

ఖాళీ పడిన స్థలంలో 2004లో మాస్‌బోర్న్ కమ్యూనిటీ అకాడమీ ప్రారంభమైంది. వ్యాపారవేత్త క్లైవ్ బోర్న్ తన తండ్రి పేరు మీద దానికి విరాళం ఇచ్చాడు. రిచర్డ్ రోజర్స్ సంస్థ రూపొందించిన చెక్క చట్రపు భవనం ‘వి’ ఆకారంలో, రైలు పట్టాలకు వీపు పెట్టి, హ్యాక్నీ డౌన్స్ మైదానం వైపు తెరుచుకుని ఉంటుంది. ఇది బాలబాలికలిద్దరిదీ. మొదటి ప్రిన్సిపాల్ మైకేల్ విల్షా కఠిన క్రమశిక్షణకు పేరుపొంది, 2012లో ఆఫ్‌స్టెడ్ అధిపతి అయ్యాడు. 2009లో మొదటి జట్టు జీసీఎస్ఈ రాసినప్పుడు ఇంగ్లీషు, గణితంతో సహా అయిదు మంచి గ్రేడులు సాధించినవారు 80 శాతానికి పైగా ఉన్నారు.

పేద పేటలోనే, అదే స్థలంలో ఇది సాధ్యమైంది కాబట్టి పాత బడిని మూయడం సరైనదేనని రాజకీయ నాయకులు పదేపదే చెప్పారు. విల్షా బృందం శ్రమను తక్కువ చేయనవసరం లేదు. పేదరికం ఒక్కటే ఫలితాలను శాసిస్తుందన్న నిరాశావాదాన్ని మాస్‌బోర్న్ గట్టిగానే దెబ్బకొట్టింది. అయితే పోలిక సరిగా ఉండాలంటే కొన్ని సంగతులు లెక్కలోకి తీసుకోవాలి. మాస్‌బోర్న్ ఒక్క ఏడో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పెరిగింది. భవనం కొత్తది, నిధులు నిలకడగా ఉన్నాయి, చేరడానికి తల్లిదండ్రులు వరుస కట్టారు. ఖాళీ సీట్లలోకి వేరే బడులు వదిలేసినవారిని నింపుకోవలసిన అవసరం దానికి రాలేదు. ఆనాటి హ్యాక్నీ డౌన్స్‌కు వీటిలో ఒక్కటీ లేదు. 1995లో చేతిసంచులతో హోమర్టన్ హౌస్‌కు నడిచిన ఆ 200 మందికీ, 2009 ఫలితాల పట్టికలోని పిల్లలకూ స్థలం తప్ప మరే పోలికా లేదు. మాస్‌బోర్న్ తలుపులు తెరిచేనాటికి ఆ కుర్రవాళ్ళలో చిన్నవాళ్ళు కూడా బడి వయసు దాటిపోయారు.